బౌన్ వీధి గుడికి వచ్చే తెలుగువాళ్ళకు: మనకూ ఒక మరణాల పుస్తకం కావాలి

ఫ్లషింగ్ గణపతి గుడికి వచ్చే తెలుగు కుటుంబాలకు, న్యూయార్క్, న్యూజెర్సీ తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు,

నమస్కారం.

మన సంఘాలన్నీ కలిసి ఒక పుస్తకం మొదలుపెట్టాలని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ ప్రాంతంలో చనిపోయిన తెలుగువాళ్ళ పేర్లు, ఊళ్ళు, తేదీలు, తిథులు, వాళ్ళ గురించి నాలుగు మాటలు రాసిపెట్టే పుస్తకం అది. మన గుడి ఉన్న వీధికి ఎవరి ఇంటిపేరు పెట్టారో వాళ్ళూ, వాళ్ళ తోటివాళ్ళూ మూడు వందల ఏళ్ళకు పైగా చేస్తూ వచ్చిన పని ఇది. వాళ్ళ సమాధుల తోట గుడి నుంచి అరగంట నడకలో ఉంది. మనలో ఎక్కువమంది దాని పక్క నుంచే కార్లో వెళ్ళిపోతుంటాం. దాని సంగతి కాస్త వివరంగా చెబితేనే నేను అడిగేదేమిటో మీకు అర్థమవుతుంది. అందుకే ఈ ఉత్తరం పెద్దదైంది, ఓపిగ్గా చదవండి.

మన గుడికి 1977 జులై 4న కుంభాభిషేకం జరిగింది. 2022లో గుడి ముందు వీధికి గణేశ్ టెంపుల్ స్ట్రీట్ అని రెండో పేరు పెట్టినప్పుడు అందరం సంతోషించాం. మొదటి పేరు మాత్రం బౌన్ స్ట్రీటే. ఆ బౌన్ ఎవరు?

జాన్ బౌన్ ఇంగ్లండ్ నుంచి వచ్చి ఫ్లషింగ్‌లో స్థిరపడ్డ మనిషి. అప్పట్లో ఈ ప్రాంతం డచ్చివాళ్ళ ఏలుబడిలో ఉండేది. గవర్నర్ పీటర్ స్టైవిసెంట్ డచ్చి చర్చిని తప్ప మరొకదాన్ని బహిరంగంగా సాగనిచ్చేవాడు కాదు. పూజారి లేకుండా మౌనంగా ప్రార్థించే క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళంటే మరీ కోపం. వాళ్ళలో ఎవరికైనా ఒక్క రాత్రి ఇంట్లో చోటిచ్చినా జరిమానా వేసేవాడు. దానికి ఎదురు చెబుతూ 1657 డిసెంబర్ 27న ఈ ఊరివాళ్ళు 30 మంది సంతకాలు పెట్టి ఒక విన్నపం పంపారు. ఆ 30 మందీ క్వేకర్లు కారు. పక్కింటివాళ్ళ కోసం పెట్టిన సంతకాలవి. విన్నపం రాసిన ఊరి గుమాస్తా ఎడ్వర్డ్ హార్ట్‌ను జైల్లో వేశారు. అప్పట్లోనే తీసిన దాని అధికారిక నకలు ఆల్బనీలో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంది. 1911లో కేపిటల్ భవనానికి నిప్పంటుకున్నప్పుడు అది అంచుల దగ్గర కాలింది కానీ విషయం దక్కింది.

బౌన్ భార్య హన్నా ముందు క్వేకర్లలో కలిసింది, తరవాత ఆయనా కలిశాడు. 1661లో కట్టుకున్న సొంత ఇంట్లోనే వాళ్ళ ప్రార్థన సమావేశాలు జరిపించేవాడు. 1662లో అరెస్టు చేశారు. జరిమానా కట్టనన్నాడు. ఓడెక్కించి దేశం దాటించారు. ఆయన హాలండ్ చేరి, ఈ వలసను నడిపిస్తున్న వెస్ట్ ఇండియా కంపెనీ డైరెక్టర్ల ముందే తన గోడు చెప్పుకున్నాడు. 1663 ఏప్రిల్‌లో వాళ్ళు స్టైవిసెంట్‌కు ఉత్తరం రాశారు: ఎవరి మనస్సాక్షిని వాళ్ళకు వదిలెయ్యి, ఊరికి అపకారం చెయ్యనంతవరకు ఎవర్నీ బలవంతపెట్టకు అని దాని సారాంశం. బౌన్ మళ్ళీ ఇంటికి వచ్చాడు. ఆ ఇల్లు మన గుడి ఉన్న వీధిలోనే 37-01 నంబర్లో ఇప్పటికీ ఉంది. చట్టం ప్రకారం మనకు గుడి కట్టుకునే హక్కు ఇచ్చింది అమెరికా రాజ్యాంగమే, నిజం. కానీ ఈ ఊళ్ళో ఆ హక్కు కోసం మొదట జైలుకు వెళ్ళినవాళ్ళు వీళ్ళు. మనం అక్కడ కొబ్బరికాయ కొట్టే ప్రతిసారీ కాకపోయినా ఎప్పుడో ఒకసారి వాళ్ళను తలచుకోవాలి.

ఆ తలచుకోవడానికి వెళ్ళాల్సిన చోటు నార్దర్న్ బులెవార్డ్ మీద ఉంది. క్వేకర్ల మీటింగ్ హౌస్. 1694లో కట్టారు. 1700ల మొదట్లో పెంచారు. న్యూయార్క్ రాష్ట్రంలో నిలిచి ఉన్న ప్రార్థనా మందిరాల్లో ఇదే పాతదని చెబుతారు. ఎదురుగా ఫ్లషింగ్ టౌన్ హాల్, చుట్టూ హారన్లు, షాపుల బోర్డులు. రోడ్డు వైపు నుంచి చూస్తే అదొక పాత చెక్క కొట్టంలా కనిపిస్తుంది, ఎందుకంటే మనకు కనబడేది దాని వీపు. ముఖం అటువైపు, దక్షిణానికి ఉంది. తలుపులు తీస్తే ఎదురుగా సమాధుల తోట. లోపల పూజారి ఉండడు, వేదిక ఉండదు, పాట ఉండదు. చెక్క బెంచీల మీద అందరూ మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపలి నుంచి మాట వస్తే లేచి చెబుతారు, లేకపోతే గంటసేపూ మౌనమే. 1776 నుంచి 1783 దాకా అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యం ఈ ఇంటిని జైలుగా, గోదాముగా, ఆస్పత్రిగా వాడుకుంది. యుద్ధం పోయాక క్వేకర్లు మళ్ళీ అదే ఇంట్లో కూర్చున్నారు.

ఇక ఆ తోట. 1848కి ముందు అక్కడ సమాధిరాళ్ళు పెట్టలేదు. డబ్బులేక కాదు, వాళ్ళలో నర్సరీలు, వ్యాపారాలు ఉన్నవాళ్ళు చాలామంది. చావులో గొప్పా కొద్దీ లేవనీ, రాయి నిలబెట్టడం అహంకారమనీ వాళ్ళ నమ్మకం. 1717లోనే లండన్‌లోని వాళ్ళ వార్షిక సభ సమాధిరాళ్ళు వద్దని సలహా పంపింది. తరవాతి కాలంలో ఒప్పుకున్నవి కూడా నేలకు దగ్గరగా, చిన్నగా, పేరూ తేదీలూ మాత్రమే ఉండేవి. జాన్ బౌన్ 1695లో చనిపోయాడు. ఈ తోటలోనే ఉన్నాడు. ఏ మూలనో ఎవరూ చూపించలేరు. ఒక వీధికి పేరిచ్చిన మనిషి, ఎవరి ఇంటిని మ్యూజియంగా మార్చి కాపాడుకుంటున్నారో ఆ మనిషి, తన సమాధికి మాత్రం గుర్తు వద్దనుకున్నాడు.

నన్ను పట్టుకున్న సంగతి ఇక్కడి నుంచి మొదలవుతుంది. రాయి వద్దన్న ఈ మనుషులే కాగితం విషయంలో ఎంత పట్టుదలగా ఉన్నారో చూడండి. నెలనెలా జరిగే సమావేశానికి మినిట్స్ పుస్తకం. ఆడవాళ్ళ సమావేశానికి వేరే మినిట్స్ పుస్తకం. జననాలకు, మరణాలకు రిజిస్టర్. పెళ్ళి జరిగితే ఒక పెద్ద కాగితం మీద వధూవరుల ప్రమాణం రాసి, వచ్చినవాళ్ళందరూ, పిల్లలతో సహా, సంతకాలు పెట్టేవాళ్ళు. అందువల్ల ఒక పెళ్ళి కాగితం చూస్తే ఆ రోజు ఊళ్ళో ఎవరెవరు బతికి ఉన్నారో తెలుస్తుంది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారిపోయేవాళ్ళకు పాత ఊరి సమావేశం (తమ సంఘాన్నే వాళ్ళు అలా పిలుస్తారు) ఒక ఉత్తరం రాసిచ్చేది, కొత్త ఊరివాళ్ళు దాన్ని తమ పుస్తకంలో ఎక్కించేవాళ్ళు. మనలాగే బతుకుతెరువు కోసం ఊళ్ళు మారిన జనం వాళ్ళు. కానీ మారిన ప్రతిసారీ వెనకాల ఒక కాగితం ఉండేది.

బౌన్ మరణం గురించి వాళ్ళు రాసుకున్నది నాలుగైదు పంక్తులు. 1695వ సంవత్సరం పదో నెల ఇరవయ్యో రోజున చనిపోయాడు, వయసు సుమారు 68. తననూ తన ఇంటినీ ఆస్తినీ సత్యం కోసం వెనకాడకుండా ఒడ్డాడు, నలభై ఏళ్ళ దగ్గర దగ్గరగా ఆయన ఇంట్లో సమావేశం సాగింది, సత్యం కోసం చాలా బాధలు పడ్డాడు. అంతే. గవర్నర్ పేరు లేదు, హాలండ్ ప్రయాణం లేదు, గెలిచాడన్న మాట లేదు. ఇల్లు తెరిచి పెట్టాడన్నదే ఆ మనిషి గురించి వాళ్ళకు చెప్పాలనిపించిన పెద్ద విషయం. ఒక మనిషి గురించి ఇంతకంటే మంచి నివాళి నేను చదవలేదు.

ఆ పంక్తుల్లో ఒక చిక్కు కూడా ఉంది. పదో నెల అనగానే మనం అక్టోబర్ అనుకుంటాం. కాదు, అది డిసెంబర్. వారాల పేర్లూ నెలల పేర్లూ కొన్ని పాతకాలపు దేవుళ్ళవని క్వేకర్లు వాటిని పలికేవాళ్ళు కారు, అంకెలే వేసేవాళ్ళు. ఇంగ్లిష్‌వాళ్ళ పాత లెక్కలో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, మార్చి మొదటి నెల. ఆ లెక్కన జనవరి పదకొండో నెల, ఫిబ్రవరి పన్నెండో నెల. 1752లో కేలండర్ మారింది. ఆ ఏడాది సెప్టెంబర్ 2 మర్నాడే 14 వచ్చింది, అప్పటి నుంచి జనవరి మొదటి నెల అయింది. ఈ సంగతి తెలియక వంశవృక్షాలు తయారుచేసేవాళ్ళు రెండు నెలలు అటూ ఇటూ వేసేస్తుంటారు. బిడ్డ పుట్టకముందే తల్లి చనిపోయినట్టు లెక్క తేలిన వంశవృక్షాలు కూడా ఇలాగే తయారవుతాయి.

తద్దినాలు పెట్టే ఇళ్ళలో పుట్టిన మనకు ఈ చిక్కు కొత్త కాదు. నాయనమ్మ పోయింది పుష్య బహుళ దశమి అని ఇంటిల్లిపాదికీ తెలుసు, ఏ సంవత్సరమో అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. ఇక ఇక్కడ పోయినవాళ్ళ విషయం మరీ కష్టం. న్యూయార్క్‌లో రాత్రి తొమ్మిదింటికి ప్రాణం పోతే ఇండియాలో అప్పటికే తెల్లారి ఉంటుంది. సర్టిఫికెట్ మీద ఒక తేదీ, ఊళ్ళో చుట్టాలు గుర్తుపెట్టుకున్నది ఇంకో తేదీ. తిథి ఇక్కడి పంచాంగం ప్రకారమా, అక్కడిదా? ఏటా ఆ రోజు దగ్గరపడేసరికి అన్నదమ్ముల మధ్య ఫోన్లలో ఇదే వాదన. పోయిన రోజే ఎవరైనా ఒక కాగితం మీద టైమూ, ఊరూ, తిథీ మూడూ రాసిపెడితే ఆ వాదనే ఉండదు.

క్వేకర్ల రికార్డులు మచ్చలేనివని చెప్పను. 1828లో న్యూయార్క్ క్వేకర్లు రెండుగా చీలిపోయారు. లాంగ్ ఐలండ్‌కే చెందిన ఇలయాస్ హిక్స్ బోధనలను ఒప్పుకున్నవాళ్ళు ఒక పక్క, ఒప్పుకోనివాళ్ళు ఒక పక్క. ఫ్లషింగ్ మీటింగ్ హౌస్ హిక్స్ పక్షం చేతికి వచ్చింది, రెండోవాళ్ళు వేరే ఇల్లు కట్టుకున్నారు. మళ్ళీ కలిసింది 1955లో. మధ్యకాలంలో చనిపోయిన మనిషి కోసం వెతికితే రెండు రకాల పుస్తకాలు చూడాలి. క్వేకర్ కానివాళ్ళను పెళ్ళి చేసుకున్నారని సభ్యత్వం తీసేసినవాళ్ళు పుస్తకంలో ఆ పేజీ దగ్గరే ఆగిపోతారు, తరవాత ఏమయ్యారో ఆ పుస్తకం చెప్పదు. అన్నిటికంటే బాధపెట్టేది బానిసల సంగతి. ఫ్లషింగ్ క్వేకర్ల ఇళ్ళలోనూ బానిసలు ఉండేవాళ్ళు. ఈ ఊరివాడే అయిన విలియం బర్లింగ్ 1700ల మొదట్లోనే అది పాపమని సొంతవాళ్ళ మధ్యే గొడవపెట్టాడు. అయినా 1770ల దాకా సమావేశం గట్టిగా కదల్లేదు. అప్పుడు రాసిన విడుదల పత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో చాలామందికి ఒక్క పేరే ఉంటుంది, ఇంటిపేరు ఉండదు. యజమాని పేరు మాత్రం పూర్తిగా ఉంటుంది. అయినా ఆ ఒక్క పేరు పట్టుకునే ఇవాళ వాళ్ళ వారసులు తమ మూలాలు వెతుక్కుంటున్నారు.

ఈ కాగితాలన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయి? క్వేకర్ల న్యూయార్క్ వార్షిక సభ తన పాత పుస్తకాలను 1997లో పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్ కాలేజీలో ఉన్న ఫ్రెండ్స్ హిస్టారికల్ లైబ్రరీకి అప్పగించింది (ఫ్రెండ్స్ అన్నది క్వేకర్లకే ఇంకో పేరు). క్వేకర్ వంశాల వివరాలు సేకరించిన విలియం వేడ్ హిన్షా న్యూయార్క్, లాంగ్ ఐలండ్ పుస్తకాల్లోని పేర్లను సంక్షిప్తంగా అచ్చువేయించాడు, ఆ సంపుటం 1940లో వచ్చింది. ఇప్పుడు వాటి స్కాన్లు వంశవృక్షాల వెబ్‌సైట్లలోనూ దొరుకుతున్నాయి. చెక్క బెంచీ మీద కూర్చుని ఎవరో ఈకకలంతో రాసింది మనం ఫోన్లో చదవగలుగుతున్నామంటే మధ్యలో ఎన్ని తరాలవాళ్ళు ఆ పుస్తకాలను చెద పట్టకుండా, అటక మీద మర్చిపోకుండా చేతులు మార్చారో ఆలోచించండి. ప్రతి తరంలోనూ రికార్డుల బాధ్యత ఒకరికి అప్పజెప్పారు, ఆ అప్పగింత కూడా మినిట్స్‌లో రాశారు. వాళ్ళ విజయం వెనక ఉన్నది ఈ విసుగు పుట్టించే పనే.

ఫ్లషింగ్‌లోనే రాళ్ళు లేని ఇంకో శ్మశానం ఉంది. దాని సంగతి చెప్పకుండా ఈ ఉత్తరం రాయలేను. గుడికి తూర్పున 46వ అవెన్యూలో, 164, 165 వీధుల మధ్య. 1840లో ఊరివాళ్ళు బౌన్ కుటుంబం నుంచే ఆ స్థలం కొన్నారు, కలరా, మశూచి వచ్చి చనిపోయినవాళ్ళను పాతిపెట్టడానికి. తరవాత అది బీదవాళ్ళ శ్మశానం అయింది. ఎక్కువగా నల్లవాళ్ళు, ఆదివాసీ అమెరికన్లు. 1898లో మూసేశారు. 1919 నాటికి నాలుగే సమాధిరాళ్ళు మిగిలాయి, తరవాత అవీ పోయాయి. 1936లో నగర పార్కుల శాఖ దాని మీద పిల్లల ఆటస్థలం కట్టేసింది. పిల్లలు దశాబ్దాల తరబడి అక్కడ ఆడుకున్నారు. 1990ల్లో మాండింగో త్షాకా అనే స్థానికుడు ఇది శ్మశానమని గొంతు చించుకుని అరిస్తే తప్ప నగరానికి కదలిక రాలేదు. 1996లో చేసిన పరిశోధనలో 500 నుంచి 1000 మంది దాకా అక్కడ ఉండవచ్చని తేలింది. ఊరి మరణాల రిజిస్టర్లో దొరికినవి 1881 నుంచి 1898 దాకా ఉన్న పేజీలు. ఆ పేజీల ప్రకారం వాళ్ళలో సగానికి పైగా అయిదేళ్ళలోపు పిల్లలే. అంతకు ముందు నలభై ఏళ్ళలో పాతిపెట్టినవాళ్ళ వివరాలు మనకు లేవు.

రెండు చోట్లా నేల మీద పేర్లు లేవు. ఒకచోట వద్దనుకుని మానేశారు, రెండోచోట పెట్టించుకునే స్తోమతే లేదు. ఒకరికి పుస్తకం ఉంది కాబట్టి బౌన్ గురించి మనం మాట్లాడుకుంటున్నాం. ఇంకొకరికి అరకొర పుస్తకం ఉంది కాబట్టి వాళ్ళ మీద ఉయ్యాలలు కట్టారు.

మరి మన సంగతేమిటి?

మనలో హిందువులం దహనం చేస్తాం. అస్థికలు కొన్ని ఇక్కడే నీళ్ళలో కలుపుతారు, కొన్ని చిన్న పాత్రలో పెట్టుకుని గోదావరికో, కృష్ణకో, కాశీకో తీసుకెళ్తారు. నేల మీద గుర్తుండదు. ఆ విషయంలో మనం పాత క్వేకర్లతో సమానం. కానీ వాళ్ళకున్న పుస్తకం మనకు లేదు. మన పెద్దలకు గయలో, కాశీలో పండాల దగ్గర వహీలు, అంటే వంశాల పేర్లు రాసిపెట్టే పుస్తకాలు, ఉండేవి, ముత్తాత వచ్చి పిండం పెట్టి వెళ్ళినట్టు రాసి ఉండేది. అమెరికా వచ్చాక ఆ దారం తెగింది. ఇక్కడి క్రిమేషన్ రికార్డులు ప్రైవేటు సంస్థల చేతుల్లో ఉంటాయి. నగరం ఇచ్చే డెత్ సర్టిఫికెట్ బయటివాళ్ళకు దశాబ్దాల దాకా చూపించరు, అది న్యాయమే. చూపించినా అందులో ఉన్న పేరు చూసి మన మనిషిని గుర్తుపట్టడం కష్టం. ఇంటిపేరు మొదటి పేరైపోతుంది, అసలు పేరు మధ్యలో ఇరుక్కుంటుంది. కొందరు ఆడవాళ్ళ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, పిల్లల కాగితాల్లో అత్తింటి ఇంటిపేరు ఉంటాయి. ఊళ్ళో అందరూ పిలిచిన పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

తెలుగు క్రైస్తవ కుటుంబాలకు, ముస్లిం కుటుంబాలకు ఇక్కడ సమాధులున్నాయి, చర్చి రిజిస్టర్లున్నాయి. అయినా ఒకరు క్వీన్స్‌లో, ఒకరు న్యూజెర్సీలో, వేరువేరు తోటల్లో. తెలుగువాళ్ళుగా వాళ్ళందరి పేర్లూ ఒకచోట లేవు. నేను అడిగే పుస్తకంలో వాళ్ళూ ఉండాలి, మొదటి రోజు నుంచే.

చదువుకోవడానికి వచ్చి ప్రమాదాల్లో పోయిన పిల్లల గురించి తలచుకుంటే గుండె కలుక్కుమంటుంది. వార్త రాగానే వాట్సాప్ గ్రూపులన్నీ కదులుతాయి. సంఘాలవాళ్ళు నిద్రలేకుండా తిరిగి కాగితాలు తెప్పిస్తారు, చందాలు వసూలు చేస్తారు, శవపేటికను విమానం ఎక్కిస్తారు. ఆ పని చేసేవాళ్ళకు చేతులెత్తి దండం పెడతాను. తరవాత? చందాల పేజీ మూతపడుతుంది. గ్రూపులో ఇంకో వార్త వస్తుంది. ఆ అబ్బాయి ఏ యూనివర్సిటీలో చదివాడు, ఏ ఊరివాడు, సరదాగా ఏం చేసేవాడు, ఇవేవీ ఈ దేశంలో ఎక్కడా మిగలవు. 2020 వసంతంలో క్వీన్స్‌లో కోవిడ్ విరుచుకుపడ్డప్పుడు పోయినవాళ్ళలో కొందరి అంత్యక్రియలు కొడుకులూ కూతుళ్ళూ ఫోన్లో చూశారు. ఆ వసంతంలో మన తెలుగువాళ్ళలో ఎవరెవరు పోయారో ఒక జాబితా చూపించమంటే ఏ సంఘం దగ్గరా కనబడదు. ఇంకో ఇరవై ఏళ్ళకు ఆ పేర్లు చెప్పగలిగేవాళ్ళు కూడా ఉండరు.

ఇలాంటిది రాసిపెట్టడం అశుభమని కొందరు పెద్దలు అన్నారు. వాళ్ళ మాటను తీసిపారెయ్యను. పుస్తకం గుళ్ళో ఉంచమని అడగడం లేదు. కానీ తర్పణం వదిలేటప్పుడు గోత్రం చెప్పి, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు పలుకుతాం కదా. పేరు తెలియకపోతే పురోహితుడు ఎంత ఇబ్బందిగా మన మొహం చూస్తాడో మీకు తెలుసు. ఇక్కడ పుట్టిన మనవళ్ళకు ఆ మూడు పేర్లు ఎవరు చెబుతారు? పుస్తకం లేకపోతే చెప్పే దిక్కుండదు.

క్వేకర్ల దగ్గర ఇప్పటికీ ఒక పద్ధతి ఉంది. తమలో ఒకరు చనిపోతే ఆ మనిషి గురించి ఒక స్మారక మినిట్ రాస్తారు. పెద్ద వ్యాసమేమీ కాదు. తెలిసినవాళ్ళు కలిసి రాసి, సమావేశంలో చదివి, అందరూ ఔనన్నాక పుస్తకంలో ఎక్కిస్తారు. డాక్టర్‌కూ వంటమనిషికీ ఒకే పుస్తకం. మనమూ ఇలాగే చెయ్యొచ్చు. తెలుగు లిపిలో పూర్తి పేరు, ఇంటిపేరుతో. పాస్‌పోర్టులో ఉన్న పేరు. పిలిచే పేరు. పుట్టిన ఊరు, మండలం, జిల్లా; జిల్లాలు మారాయి కాబట్టి పాత జిల్లా పేరు కూడా. అమెరికా ఎప్పుడు వచ్చారు, ఏం పని చేశారు. పోయిన తేదీ, టైము, ఊరు, పాటిస్తే తిథి. దహనమో ఖననమో, ఎక్కడ. ఈ వివరాలు ఎవరిచ్చారు, ఏ రోజు ఇచ్చారు. ఆ తరవాత ఆ మనిషి గురించి ఒక పేరా. ఆయన పదవులూ బిరుదులూ ఉన్నా లేకపోయినా పరవాలేదు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళను ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి తెచ్చి అన్నం పెట్టేవాడని రాస్తే చాలు.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. కుటుంబం ఒప్పుకోకుండా ఒక్క పేరు కూడా ఎక్కించకూడదు. ఏ జబ్బుతో పోయారు, ఎలా పోయారు అన్నది అడగకూడదు, రాయకూడదు. బతికున్నవాళ్ళ అడ్రసులు, ఫోన్ నంబర్లు అసలే వద్దు. సంఘాల రాజకీయాలు కూడా ఈ పుస్తకం దగ్గరికి రాకూడదు. మన సంఘాలు ఎన్నిసార్లు చీలాయో మీకు చెప్పక్కర్లేదు. చీలినప్పుడల్లా పాత సావనీర్లు, మెంబర్షిప్ లిస్టులు ఎవరో ఒకరి గరాజ్‌లో ఉండిపోయాయి. క్వేకర్లు చీలిపోయి 127 ఏళ్ళు విడిగా ఉన్నా రెండు పక్షాలవాళ్ళూ ఎవరి పుస్తకం వాళ్ళు రాస్తూనే వచ్చారు, అందుకే కలిసినప్పుడు రెండూ ఒకచోట చేర్చగలిగారు. మన పుస్తకానికి కనీసం రెండు ప్రతులు కాగితం మీద ఉండాలి, ఒకటి ఏ సంఘానికీ చెందని చోట ఉండాలి. క్వీన్స్ పబ్లిక్ లైబ్రరీ, క్వీన్స్ కాలేజీ కలిసి నడిపే క్వీన్స్ మెమరీ ప్రాజెక్టు ఈ ప్రాంతంలోని రకరకాల జనాల జ్ఞాపకాలను, ఫోటోలను, కాగితాలను సేకరించి భద్రపరుస్తోంది. మనం వెళ్ళి మాట్లాడాల్సిన మొదటి చోటు అదే.

ఇంకొక విన్నపం, ముఖ్యంగా యువతకు. పాత ఇంగ్లిష్ చేతిరాత నేర్చుకోవడం కష్టమే కానీ అసాధ్యం కాదు. క్వేకర్ల పాత రికార్డుల స్కాన్లు చదివి, పేర్లు విడదీసి టైప్ చేసే ఓపిక ఉన్నవాళ్ళు కావాలి. మన పిల్లలు కాలేజీ అప్లికేషన్ల కోసం రకరకాల వాలంటీర్ గంటలు పోగేస్తుంటారు. ఆ గంటల్లో కొన్ని ఈ పనికి పెడితే మన వీధికి పేరిచ్చినవాళ్ళ ఋణం కొంత తీరుతుంది, మన పుస్తకం ఎలా రాయాలో కూడా వాళ్ళకు తెలుస్తుంది. సోమవారం అన్నది రెండో రోజనీ, మార్చి అన్నది మొదటి నెల అనీ రాసి ఉన్న పేజీ ఒక్కటి చదివితే చాలు, తేదీ రాసేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలో జీవితాంతం మర్చిపోరు.

ఆదివారాలు మీటింగ్ హౌస్‌లో సమావేశం జరుగుతుంది, ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. గుడికి వచ్చిన ఒక ఆదివారం అటు కూడా వెళ్ళి రండి. తోటలో నడిచేటప్పుడు రాళ్ళు లేని చోట కూడా మనుషులున్నారని గుర్తుంచుకుని అడుగు వెయ్యండి, పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్ళండి.

సంఘాల కార్యదర్శులు ఈ విషయాన్ని వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో పెట్టండి. పుస్తకం బాధ్యత ఇద్దరికి పేరు పేరునా అప్పజెప్పండి, పదవీకాలం ముగిశాక ఎవరికి అప్పగించాలో కూడా అప్పుడే రాసుకోండి. కుటుంబాలవాళ్ళు అంతదాకా ఆగక్కర్లేదు. మీ ఇంట్లో ఈ దేశంలో పోయిన పెద్దవాళ్ళ వివరాలు, పైన చెప్పిన వరసలో, ఈ వారమే ఒక కాగితం మీద తెలుగులో రాసి ఉంచండి. రాసేటప్పుడు ఇండియాకు ఫోన్ చేసి అత్తనో, బాబాయినో ఆ తిథి ఒకసారి అడగండి. చెప్పగలిగినవాళ్ళు ఉన్నప్పుడే అడగాలి.

ఇట్లు,
క్వీన్స్‌లో ఉంటున్న మీ తోటి తెలుగు మనిషి